మన పిల్లలకు వ్యాపారం నేర్పించాలా?



ఈ మధ్య సంఘంలో కొందరు తల్లిదండ్రులు ఒక సంగతి అడుగుతున్నారు. "అయ్యగారూ, బడిలో మావాడికి వ్యాపారం చెయ్యడం నేర్పిస్తున్నారట. చదువుకోమని పంపితే వ్యాపారమేంటండీ? మేము పడ్డ కష్టం చాలదా?" అంటున్నారు. ఇంకొందరు దానికి ఎదురు చెబుతున్నారు. "ఉద్యోగాలు ఎక్కడున్నాయండీ? చిన్నప్పటినుంచే నేర్చుకుంటే మంచిదే కదా" అని వాళ్ల మాట. రెండు మాటల్లోనూ నిజముంది. గనుక ఈ వారం ఈ సంగతినే మీతో కలిసి ఆలోచించాలని ఉంది. చివరిదాకా చదవండి. చదివాక ఇంట్లో పిల్లలతో కూడా మాట్లాడండి.

ముందుగా బడిలో జరుగుతున్నదేమిటో తెలుసుకుందాం. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష తరపున ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి పిల్లలకు 'ఎంటర్‌ప్రెన్యూరియల్ మైండ్‌సెట్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్' అని ఒకటి పెట్టారు. పేరు పెద్దదే గానీ విషయం మనకు తెలియనిది కాదు. పిల్లలు జట్టుగా కూడి, చుట్టూ ఉన్న ఒక ఇబ్బందిని గుర్తించి, దానికి ఒక ఉపాయం ఆలోచించి, ఒక వస్తువో సేవో తయారుచేసి పదిమందికి చూపించడం. ఇటువంటిది ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2019లోనే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు మొదలైంది. 2021లో అక్కడ 'బిజినెస్ బ్లాస్టర్స్' పేరుతో పెద్ద తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి 2,000 రూపాయల చొప్పున పెట్టుబడి ఇచ్చి చేయించారు. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు ఇది ఒక సబ్జెక్టుగానే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వచ్చి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి పనివారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఇక 2024 నుంచి మన ప్రభుత్వ పెద్దల నోట 'ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త' అనే మాట తరచుగా వింటున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేర్పించాలి. తప్పకుండా నేర్పించాలి. అయితే ఏమి నేర్పుతున్నామో, దేనికి బదులుగా నేర్పుతున్నామో చూసుకుని నేర్పించాలి. ఈ రెండోది మరచిపోతే మంచి పాఠమే పిల్లల మీద బరువుగా మారుతుంది.

మన విశాఖలో 'ఉద్యోగం' అనే మాటకు ఉన్న విలువ వేరు. 1933లో ఓడరేవు తెరుచుకున్నది మొదలు ఈ ప్రాంతంలో నెల జీతమంటే పెద్ద ఆశీర్వాదం. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ. ఈ మూడింటిలో దేనిలోనైనా పర్మినెంటు అయ్యాడంటే ఆ కుర్రవాడికి సంబంధాలు వాటంతటవే వచ్చేవి. అందులోనూ ఉక్కు ఫ్యాక్టరీ మనకు ఊరికే రాలేదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. దానికోసం దాదాపు 22,000 ఎకరాల భూమి పోయింది. 60కి పైగా గ్రామాల వారు కదలవలసి వచ్చింది. ఆ ఇళ్లలో చాలామంది చేతుల్లో భూమికి బదులు ఆర్ కార్డు మిగిలింది. ఆ కార్డు మీద ఉద్యోగం వస్తుందని తాత ఎదురుచూశాడు, తండ్రి ఎదురుచూశాడు. కొందరికి వచ్చింది, వేలమందికి రాలేదు.

తరువాత జరిగింది కూడా మీకు తెలుసు. 2021 జనవరి 27న కేంద్రం ఆ ఫ్యాక్టరీలో తన వాటాలన్నీ అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో శిబిరాలు వెలిశాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించారు. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి వైపు కాంట్రాక్టు పని ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియక బ్రతికే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

ఇటువంటి ఇంటిలోని పిల్లవాడికి బడిలో "నువ్వు ఉద్యోగం అడగకు, పదిమందికి ఉద్యోగం ఇవ్వు" అని చెబితే ఆ మాట ఎలా వినిపిస్తుంది? "మీ తాత భూమి ఇచ్చిన సంగతి మరచిపో" అన్నట్టు వినిపిస్తుంది. అందుకే తల్లిదండ్రుల కోపాన్ని నేను తేలికగా తీసుకోను. పిల్లలకు వ్యాపారం నేర్పడం వేరు, ఇవ్వవలసిన ఉద్యోగం ఎగ్గొట్టడం వేరు. నిర్వాసితుల బాకీ బాకీగానే ఉంటుంది. తొమ్మిదో తరగతి పాఠంతో అది తీరదు. పాఠం చెప్పేవారు ఈ సంగతి దాచకుండా చెబితేనే పిల్లలు వారిని నమ్ముతారు.

అయితే ఇంకొక వైపు కూడా చూడాలి. మనం ఉద్యోగమంటే చాలు అనుకునే చోట్లు కూడా ఒకప్పుడు ఎవరో ధైర్యం చేసి మొదలుపెట్టినవే. షిప్‌యార్డు సంగతే చూడండి. వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారవేత్త సింధియా కంపెనీ తరపున 1941లో ఇక్కడ నౌకల కర్మాగారానికి పునాది వేయించారు. బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపానువారు విశాఖ మీద బాంబులు వేశారు. అయినా ఆ ప్రయత్నాన్ని వదిలిపెట్టలేదు. 1948 మార్చి 14న 'జల ఉష' అనే ఓడను నెహ్రూ నీటిలోకి దింపారు. 1952లో ప్రభుత్వం అందులో వాటా తీసుకుంది, 1961 నాటికి పూర్తిగా తనదే చేసుకుంది. ఈ రోజుకీ ఆ చోటికి వెళ్లే బస్సు ఎక్కి మనం 'సింధియా' అనే అడుగుతాం. ఆ పేరు ఒక కంపెనీదని మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

ఒకరు తన సొమ్ముతో ధైర్యం చేస్తే షిప్‌యార్డు మొదలైంది. జనమంతా కలిసి అడిగితే, ప్రజల సొమ్ముతో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. పూనుకోవడం అంటే రెండూ. పిల్లలకు రెండు కథలూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి వదిలితే సగం నేర్పినట్టే.

'వ్యాపారం రక్తంలో ఉండాలి, నేర్పితే వస్తుందా?' అని కొందరు అడుగుతారు. ఫలానా కులంవారికే అది చెల్లుతుందని మన ఊళ్లల్లో గట్టి నమ్మకం. దీనికి జవాబు దూరాన ఎక్కడో వెదకనక్కరలేదు. మన కాకినాడలో దొరుకుతుంది. 1964లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మానసిక శాస్త్రవేత్త వచ్చారు. కాకినాడకు చెందిన 52 మందికి, ఎక్కువగా చిన్న వ్యాపారులకే, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇప్పించారు. ఆ సంస్థ ఇప్పటికీ యూసఫ్‌గూడలో ఉంది, పేరు మాత్రం మారింది. శిక్షణలో వారికి ధనం ఇవ్వలేదు, యంత్రాలు ఇవ్వలేదు. మీరు ఏమి సాధించాలనుకుంటున్నారు, ఎంతలో సాధించగలరు, అడ్డు ఏమిటి, ఎవరి సాయం కావాలి అని ఆలోచించడం నేర్పారు. తరువాత రాజమండ్రిలో శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చి చూశారు. శిక్షణ పొందినవారు ఎక్కువ చురుకుగా కొత్త పనులు మొదలుపెట్టారని, ఎక్కువ పెట్టుబడి పెట్టారని, ఎక్కువమందికి పని ఇచ్చారని తేలింది. డేవిడ్ వింటర్ అనే మరొకరితో కలిసి మెక్‌క్లెలాండ్ ఈ సంగతులన్నీ 1969లో పుస్తకంగా రాశారు. ఈ రోజుకీ మేనేజిమెంటు చదివే పిల్లలు దీనిని 'కాకినాడ ప్రయోగం' అని చదువుతారు.

అంటే పూనిక నేర్పితే వస్తుంది. పెద్దవారికే వచ్చినప్పుడు పిల్లలకు ఎందుకు రాదు?

ఆయన అంతకుముందు చేసిన ఒక చిన్న పరీక్ష నాకు ఎంతో ఇష్టం. మన తీర్థాల్లో, జాతరల్లో రింగులు విసిరే ఆట చూశారు కదా, అదే. ఎంత దూరాన నిలబడి విసరాలో ఎవరి ఇష్టం వారికే వదిలేశారు. కొందరు మేకుకు ఆనుకుని నిలబడి వేశారు. ఓటమి భయం. కొందరు ఎక్కడో దూరాన నిలబడి విసిరారు. పడితే అదృష్టం, పడకపోతే ఎవరూ ఏమీ అనరు. సాధించాలనే పట్టుదల ఉన్నవారు మాత్రం మధ్యలో నిలబడ్డారు. కష్టపడితే పడుతుంది, అజాగ్రత్తగా ఉంటే పడదు, అంత దూరంలో. మన పిల్లలకు నేర్పవలసింది ఈ మధ్య దూరం. ఒకడు ఏమీ చెయ్యకుండా గవర్నమెంటు నోటిఫికేషన్ కోసం పన్నెండేళ్లు కూర్చుంటాడు. ఒకడు ఫోనులో వచ్చిన ఏదో యాప్‌లో ఇంటి సొమ్ము పెట్టి రాత్రికి రాత్రి కోటీశ్వరుడు కావాలనుకుంటాడు. ఇద్దరూ మధ్యలో నిలబడడం నేర్చుకోనివారే.

ఇక ఏమి నేర్పాలో మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, లెక్క.

మన బడుల్లో వ్యాపారం అనగానే పిల్లల చేత పెద్ద కలలు రాయిస్తారు. చార్టు మీద రంగురంగుల బొమ్మలు వేయిస్తారు. మంచిదే. కానీ కలకు ముందు చిట్టా పుస్తకం కావాలి. ఒక లెక్క వేద్దాం. ఇద్దరు పిల్లలు ఉడికించిన వేరుశనగ కాయలు అమ్మాలనుకున్నారు. మూడు కిలోల కాయలు కిలో 80 చొప్పున 240 రూపాయలు. గ్యాసుకు, ఉప్పుకు 40. పొట్లాలకు కాగితం 20. మొత్తం 300. పొట్లం పది రూపాయలకు 40 పొట్లాలు అమ్మితే 400. లాభం 100 రూపాయలు! పిల్లలకు సంబరం. కానీ ఎనిమిది పొట్లాలు మిగిలిపోతే వచ్చేది 320. లాభం 20. ఆ అమ్మిన వాటిలో రెండు అరువు పోతే చేతికి వచ్చింది 300, లాభం సున్నా. ఇద్దరూ మూడేసి గంటలు కష్టపడ్డారు కదా, ఆ ఆరు గంటల కూలి ఎక్కడ? అమ్మ గిన్నె, అమ్మ పొయ్యి వాడుకున్నారు కదా, దాని ఖరీదు ఎక్కడ? ఈ ప్రశ్నలు అడిగిన రోజే పాఠం మొదలైనట్టు.

ఈ లెక్క పిల్లవాడి కోసం మాత్రమే కాదు. ఇంటికి కూడా పనికొస్తుంది. మార్కెట్టులో కూరలో చేపలో అమ్మే తల్లులు పొద్దున్న 900 తీసుకుని సాయంత్రం 1,000 కట్టే పద్ధతి మీరు చూసే ఉంటారు. చూడడానికి వంద రూపాయలే. నెలకు 25 రోజులు అమ్మితే 2,500 రూపాయలు వడ్డీకే పోయాయి. వాడుకున్న అసలు మాత్రం 900. అదే తల్లి రోజుకు 50 రూపాయలు పక్కన పెట్టగలిగితే 18 రోజుల్లో ఆ 900 తన సొంత పెట్టుబడి అవుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఈ లెక్క కాగితం మీద వేసి తన తల్లికి చూపిస్తే అంతకంటే గొప్ప ప్రాజెక్టు ఏముంటుంది? పట్టణ వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో పీఎం స్వనిధి అని తక్కువ వడ్డీ అప్పు మొదలైందని, మొదటి విడత 10,000 రూపాయలతో అది ప్రారంభమైందని ఆ పిల్లవాడే చదివి చెప్పగలడు.

లెక్క లేకుండా పని మాత్రమే నేర్పితే ఏమవుతుందో మన గోదావరి ఒడ్డునే ఉదాహరణ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నరసాపురం వైపు పేద స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. మంచి మనసుతోనే నేర్పారు. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్లింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. అల్లే చేతులు ఆడవారివి, అమ్మే లాభం మధ్యవర్తులది అని ఆమె చూపించారు. రోజంతా అల్లినా ఆ తల్లులను పనివారుగా కూడా ఎవరూ లెక్కించలేదు, ఇంట్లో తీరికగా కూర్చున్న గృహిణులుగానే చూశారు. వారికి పని తెలుసు. తాము అల్లినది ఎక్కడ ఎంతకు అమ్ముడవుతుందో తెలియదు. సంఘాలు నడిపే మనవంటివారు ఈ సంగతి మరువకూడదు. కుట్టు మిషను ఇచ్చి ఫోటో తీయించుకోవడంతో మన పని అయిపోదు. ఆ కుట్టిన జాకెట్టుకు ఎంత తీసుకోవాలో కూడా నేర్పాలి.

రెండవది, న్యాయం.

తప్పుడు త్రాసును గూర్చి సామెతల గ్రంథం ఎంత గట్టిగా మాట్లాడుతుందో మీకు తెలుసు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లతో కలిసి డేరాలు కుట్టాడు. ఫిలిప్పీలో ఆయన మాట విన్న లూదియ ఊదారంగు పొడి అమ్మే వ్యాపారి. గనుక వ్యాపారమంటేనే పాపమనే మాట మనకు చెల్లదు. మోసం పాపం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో పిల్లలకు చూపించాలి.

మన దగ్గరే చూపించవచ్చు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు చూడండి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్కతో చేస్తారు. పిల్లలు బొమ్మ చేతికిస్తే నోట్లోనే పెట్టుకుంటారు. గనుక రసాయనాల రంగులు వద్దని, ఆకులు, వేర్లు, గింజల నుంచి తీసిన రంగులే వాడాలని సి.వి. రాజు గారు ఏళ్ల తరబడి కృషి చేశారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కొనే తల్లికి ఏ రంగు వేశారో తెలియదు. తెలియని చోట కూడా మంచి సరుకే ఇవ్వడం న్యాయమైన వ్యాపారం. ఒక బస్సు ఎక్కితే చేరే ఊరు. బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లవచ్చు.

న్యాయం పాఠంలోనే ఇంకొకటి కూడా చెప్పాలి. "ముగ్గురిని చేర్పించండి, వారు ముగ్గురేసిని చేర్పిస్తారు, మీరు ఇంట్లో కూర్చోండి" అనేవారు మన గ్రామాల్లోకి, అప్పుడప్పుడు మన గుడి ఆవరణలోకి కూడా వస్తున్నారు. వారూ ఇదే మాట వాడతారు: "ఇది బిజినెస్సండీ." పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పండి. ఈ డబ్బు సరుకు వాడుకున్నవాడి దగ్గర నుంచి వస్తోందా, కొత్తగా చేరినవాడి దగ్గర నుంచి వస్తోందా? రెండోదయితే అది వ్యాపారం కాదు. ఇటువంటి గొలుసు పథకాలను నిషేధిస్తూ 1978లోనే మన దేశంలో చట్టం వచ్చింది. ఆ ఒక్క ప్రశ్న తెలిసిన పిల్లవాడు ఇంటిలో ఉంటే ఆ ఇంటి పుస్తెలు తాకట్టుకు పోవు.

మూడవది, చిన్నగా నష్టపోవడం.

ఇది వినడానికి వింతగా ఉంటుంది. కానీ మన పిల్లలకు పరీక్ష తప్పడం ఒక్కటే ఓటమిగా తెలుసు. దానికే ప్రాణాలు తీసుకుంటున్న పిల్లలను చూస్తున్నాం. ఇరవై రూపాయలు నష్టం వచ్చి, ఎందుకు వచ్చిందో కూర్చుని ఆలోచించి, మరుసటి వారం మళ్లీ ప్రయత్నించినవాడికి ఓటమి కొత్త కాదు, భయమూ ఉండదు. అందుకే బడిలో పెట్టుబడి చిన్నదిగా ఉండాలి. పోయినా ఇల్లు కదలకూడదు. అప్పు అసలే ఉండకూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఆ చట్టం చేసినవారు ఎందుకు అలా చేశారో పిల్లలకు వివరించండి. ఇంటర్ చదివే కుర్రవాడి ఫోనులోకి అప్పుల యాప్‌లు దూరుతున్న ఈ రోజుల్లో ఆ వివరణ చాలా అవసరం.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. "ఇది బాలకార్మిక వ్యవస్థకు కొత్త పేరు కాదా?" అని ఒకరు అడిగారు. సరైన ప్రశ్న. చట్టం చెప్పేది ఇది: పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. 2016 సవరణ ప్రకారం బడి అయ్యాకనో సెలవుల్లోనో, ప్రమాదం లేని ఇంటి వృత్తిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ గీత దగ్గరే ఉంటాడు. గనుక జాగ్రత్త మనదే. గుర్తు ఒక్కటే. పిల్లవాడు తెచ్చిన డబ్బు ఇంటి బియ్యానికి వాడుతున్నారా? అయితే అది పాఠం కాదు, పని. ఆ డబ్బు వాడి పుస్తకంలో రాసి, వాడి తరువాతి ప్రయత్నానికి ఉంచారా? అప్పుడది పాఠం. తండ్రికి పని లేని రోజున ఈ తేడా చెరిగిపోవడం ఎంత సులువో నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను, ఆ డబ్బు ముట్టుకోకండి.

"మాష్టార్లకే వ్యాపారం తెలియదు, పిల్లలకేమి చెబుతారు?" అనేది ఇంకొక మాట. అదీ నిజమే. అయితే మాష్టారికి తెలియకపోతే తెలిసినవారు ఊళ్లోనే ఉన్నారు. గాజువాక ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే మేస్త్రిని, బీచి రోడ్డులో ముంత మసాలా బండి నడిపే అన్నను, డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసే అక్కను ఒక గంట బడికి పిలవండి. ఎండాకాలం ఎంత అమ్ముడవుతుంది, వానాకాలం ఎలా నెట్టుకొస్తారు, అరువు అడిగినవారికి ఏమి చెబుతారు అని పిల్లల చేత అడిగించండి. సూటు వేసుకున్న పెద్ద పారిశ్రామికవేత్త ప్రసంగం కంటే ఆ గంట ఎక్కువ మేలు చేస్తుంది. ఆ అన్నకు కూడా తన బ్రతుకు ఒక పాఠమయిందని గౌరవంగా ఉంటుంది.

"ఇదంతా మగపిల్లలకే కదా" అనే మాట కొన్ని ఇళ్లలో పైకి అనరు గానీ లోపల ఉంటుంది. మన ఊళ్లల్లో పొదుపు సంఘాలు నడిపి, బ్యాంకు వాయిదాలు తప్పకుండా కట్టింది ఆడవారు. లెక్క వారి చేతిలోనే నిలిచింది. గనుక జట్టులో డబ్బు పుస్తకం ఆడపిల్ల చేతికివ్వండి. గిన్నెలు తోమే వంతు మగపిల్లవాడికీ వేయండి.

ఇక మన వంతు. బడి చేసేది బడి చేస్తుంది, సంఘంగా మనమేమి చేయగలం? మనకు కోత పండుగ ఉంది. ప్రతి ఏడూ గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటి గెలలు తెచ్చి వేలం పాడతాం. ఈసారి ఆ రోజున ఒక మూల హైస్కూలు పిల్లలకు ఇద్దాం. నాలుగు జట్లు, జట్టుకు నలుగురు. పెట్టుబడి 300 రూపాయలు దాటకూడదు. అందులో సగమైనా తాము పొదుపు చేసినదై ఉండాలి. ఏమి అమ్మాలో వారే నిర్ణయించుకోవాలి. ఖర్చు, రాబడి, మిగిలిన సరుకు, అరువు, పని చేసిన గంటలు, అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. మరుసటి ఆదివారం కూడిక అయ్యాక ఆ లెక్క అందరి ముందు చదవాలి. లాభం వచ్చిన జట్టుకూ నష్టం వచ్చిన జట్టుకూ ఒకే విధంగా చప్పట్లు కొడదాం. ఎందుకు నష్టం వచ్చిందో చక్కగా చెప్పగలిగిన జట్టుకు బహుమానం ఇద్దాం.

దీనికి పెద్దలైన మీకు ఒక మనవి. పిల్లలు అమ్ముతున్నారని జాలిపడి కొనకండి. పది రూపాయల పొట్లానికి యాభై ఇచ్చి "ఉంచుకో నాన్నా" అనకండి. అది ప్రేమే, కానీ దాని వలన వారికి అబద్ధపు లెక్క చేతికి వస్తుంది. ఉప్పు తక్కువైతే తక్కువైందని చెప్పండి. నచ్చకపోతే మర్యాదగా వద్దనండి. ఎవరో ముఖం చూసి కాదు, సరుకు చూసి కొన్నారని తెలిసినప్పుడు ఆ పిల్లవాడికి కలిగే ధైర్యం వేరు.

మన పిల్లలందరూ వ్యాపారులు కానక్కరలేదు. కొందరు నర్సులవుతారు, కొందరు టీచర్లవుతారు, కొందరు ఆ ఫ్యాక్టరీలోనే చేరాలని మనమందరం కోరుకుందాం, అది నిలబడాలని కూడా అడుగుదాం. లెక్క తెలిసిన నర్సు జీతపు చీటీ చదువుకుంటుంది. న్యాయం తెలిసిన కార్మికుడు తన హక్కు అడుగుతాడు, తన పని ఎగ్గొట్టడు. చిన్న నష్టం చూసిన టీచరు ఓడిపోయిన పిల్లవాడిని తిట్టదు. ఈ చదువు ఎవరికీ వృథా పోదు.

కోత పండుగ జట్లకు పేర్లు ఇవ్వాలనుకునే పిల్లలు వచ్చే ఆదివారం కూడిక అయ్యాక యౌవనస్థుల నాయకుల దగ్గర రాయించుకోండి. తల్లిదండ్రులు ఇంట్లో ఒక ఖాళీ నోటుపుస్తకం ఇచ్చి పంపితే చాలు.

దేవుడు మన పిల్లల చేతులను, వారి లెక్కలను దీవించును గాక. ఆమేన్.